జీర్ణనాళం పగ్గాలు చిన్నపేగు చేతిలోనే ఉన్నాయి

పాఠ్యపుస్తకాలలో జీర్ణవ్యవస్థ బొమ్మ దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. పైన నోరు, కింద పాయువు, మధ్యలో మెలికలు తిరిగిన గొట్టం, పక్కన కాలేయం, క్లోమం, ఒక్కొక్క భాగం నుంచి ఒక గీత, గీత చివర ఒక పేరు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. కానీ దాన్ని చూసి చూసి మనలో చాలామందికి జీర్ణక్రియ అంటే పై నుంచి కిందికి సాగిపోయే ఒక ప్రవాహమనీ, ప్రతి భాగమూ తన పని ముగించుకుని మిగిలినదాన్ని కిందికి తోసేస్తుందనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. శరీరధర్మశాస్త్రం చదువుతున్నకొద్దీ నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసే విషయం. ఈ నాళంలో ఆహారం పై నుంచి కిందికి ప్రయాణిస్తుంది గానీ, ఆ ప్రయాణం ఎంత వేగంగా సాగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఆజ్ఞలు చాలావరకు కింది నుంచి పైకి వెళతాయి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా నాళం నిర్మాణం గురించి కొంత చెప్పుకోవాలి. నోటి నుంచి పాయువు వరకు దీని పొడవు మరణానంతరం కొలిస్తే సుమారు 9 మీటర్లు ఉంటుంది. బతికి ఉన్న మనిషిలో కండరాలు ఎప్పుడూ కొంత బిగువుతో ఉంటాయి కనుక పొడవు అంతకంటే తక్కువే. ఆహారవాహిక మొదలుకొని పెద్దపేగు చివరి వరకు గోడ అమరిక మౌలికంగా ఒక్కటే. అన్నిటికంటే లోపల శ్లేష్మపు పొర, దాని వెనుక రక్తనాళాలూ నాడులూ అల్లుకుని ఉండే పొర, ఆ తరువాత రెండు వరుసల కండరం, వెలుపల పలచని తొడుగు. కండరంలో లోపలి వరుస నాళం చుట్టూ వలయంలా తిరిగి ఉంటుంది, వెలుపలి వరుస నాళం పొడవునా సాగుతుంది. వలయ కండరం బిగిస్తే నాళం సన్నబడుతుంది, నిలువు కండరం బిగిస్తే పొట్టిబడుతుంది. ఆహారాన్ని తోయడం, కలపడం, ఆపడం అన్నీ ఈ రెండింటి పొందికతో జరిగేవే. జీర్ణాశయానికి మాత్రం ఏటవాలుగా సాగే మూడో వరుస కూడా ఉంది, ఎందుకంటే అది తోయడంతో సరిపెట్టుకోదు, ఆహారాన్ని చిలకాలి కూడా.

ఈ గోడలోనే ఒక నాడీవ్యవస్థ ఉంది. కండరాల రెండు వరుసల మధ్య ఒక వల, శ్లేష్మపు పొర వెనుక మరొక వల. రెండూ కలిపి కనీసం 10 కోట్ల నాడీకణాలు ఉంటాయని అంచనా. 1899లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు పేగులో ఒకచోట ఒత్తిడి కలిగిస్తే దానికి పైభాగం బిగుసుకుంటుందనీ, కిందిభాగం సడలుతుందనీ చూపించారు. వెలుపలి నుంచి వచ్చే నాడులన్నిటినీ కోసివేసినా ఈ స్పందన ఆగలేదు. అంటే మెదడు ప్రమేయం లేకుండానే పేగు తనలోని ముద్దను గుర్తించి, వెనుక నుంచి నెట్టి, ముందు దారి ఇవ్వగలదన్నమాట. మెదడుకూ పేగుకూ మధ్య వేగస్ నాడి ఉన్నమాట నిజమే. అయితే ఆ నాడిలోని తంతువులలో అధికభాగం, సుమారు 80 శాతం, పేగు నుంచి మెదడుకు సమాచారం మోసుకుపోయేవే. మెదడు ఇక్కడ చెప్పేదానికంటే వినేదే ఎక్కువ.

నోటి సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు జతల పెద్ద గ్రంథులు, ఎన్నో చిన్న గ్రంథులు కలిసి రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల లాలాజలాన్ని స్రవిస్తాయి. అందులోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. మింగే క్షణంలో మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని, ఉపజిహ్విక వాలి శ్వాసనాళం ద్వారాన్ని మూసివేస్తాయి. ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. మన ఇష్టంతో జరిగే పని అక్కడితో ముగిసిపోతుంది, ఇక మళ్లీ మన ఇష్టానికి చోటు దొరికేది నాళం చిట్టచివరనే. సుమారు 25 సెంటీమీటర్ల ఆహారవాహికలో ముద్దను దించేది దాని బరువు కాదు, వరుసగా కిందికి పాకే కండరాల అల. అందుకే తలకిందులుగా ఉన్న మనిషి కూడా మింగగలడు.

జీర్ణాశయం గురించి మనకు తెలిసినదానిలో మొదటి గట్టి పునాది ఒక ప్రమాదం వల్ల పడింది. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో తుపాకి పొరపాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్టలో గుండ్లు దిగాయి. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతన్ని బతికించగలిగాడు గానీ గాయం పూర్తిగా మూసుకోలేదు. వెలుపలి నుంచి నేరుగా జీర్ణాశయంలోకి ఒక రంధ్రం మిగిలిపోయింది. ఆ రంధ్రం ద్వారా దారానికి కట్టిన ఆహారపు ముక్కలను లోపలికి దించి, గంట గంటకూ బయటికి లాగి చూసి, రసాన్ని సీసాలోకి తీసి, వెచ్చగా ఉంచిన ఆ సీసాలో కూడా మాంసం కరిగిపోతుందని బోమాంట్ నిరూపించాడు. జీర్ణక్రియ రాపిడి వల్ల జరిగేదా, కుళ్లడం వల్ల జరిగేదా, రసాయన చర్యా అన్న పాత వాదానికి 1833లో ఆయన ప్రచురించిన పరిశీలనలు గట్టి సమాధానమిచ్చాయి. కోపం, భయం కలిగినప్పుడు జీర్ణాశయపు లోపొర రంగూ స్రావమూ మారిపోవడాన్ని కూడా ఆయన నమోదు చేశాడు. ఆ యువకుడు ఇష్టంతో కాక పేదరికం వల్ల ఆ ప్రయోగాలకు లోబడ్డాడనీ, ఒకటికి రెండుసార్లు విడిచి వెళ్లిపోయాడనీ కూడా చెప్పుకోవాలి. ఈ జ్ఞానం అతని శరీరం నుంచి వచ్చింది, ఆ రుణాన్ని పేరు పెట్టి తలచుకోవడం న్యాయం.

ఖాళీగా ఉన్నప్పుడు పిడికెడంత ఉండే జీర్ణాశయం ఒక లీటరుకు మించి పట్టేలా సాగగలదు. పైభాగం భోజనానికి చోటిస్తూ సడలుతుంది, కిందిభాగం నిమిషానికి మూడు అలల చొప్పున చిలుకుతుంది. గోడలోని కణాలలో కొన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, కొన్ని పెప్సినోజెన్‌ను, మరికొన్ని చిక్కని శ్లేష్మాన్ని స్రవిస్తాయి. పెప్సినోజెన్ ఆమ్లంలో కలిశాకనే మాంసకృత్తులను ఛేదించే పెప్సిన్‌గా మారుతుంది. మాంసాన్ని కరిగించే ద్రవం తనను దాచుకున్న సంచిని ఎందుకు కరిగించదన్న ప్రశ్నకు సమాధానం ఆ శ్లేష్మంలోనూ, దానిలో ఇంకి ఉండే బైకార్బొనేటులోనూ, కొన్ని రోజులకొకసారి లోపొర కణాలన్నీ కొత్తవి కావడంలోనూ ఉంది. ఈ రక్షణ చెదిరినప్పుడే పుండు పడుతుంది. ఆ చెదరడానికి మానసిక ఒత్తిడే కారణమని చాలాకాలం నమ్మారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ముఖ్య కారణమని ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో చూపించి, 2005లో నోబెల్ బహుమతి పొందారు.

ఇక అసలు విషయానికి వస్తాను. జీర్ణాశయం చివర పైలోరస్ అనే బలమైన వలయ కండరం ఉంది. ప్రతి అలకూ అది కొన్ని మిల్లీలీటర్ల ద్రవాన్ని మాత్రమే అవతలికి వదులుతుంది. సుమారు రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద ముక్క ఏదైనా వస్తే మూసుకుపోతుంది, ఆ ముక్క వెనక్కి కొట్టుకుపోయి మళ్లీ నలుగుతుంది. నీళ్లు త్వరగా దాటిపోతాయి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న భోజనానికి మరికొంత సమయం పడుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం అన్నిటికంటే ఆలస్యంగా కదులుతుంది. ఈ తేడా జీర్ణాశయానికి ఎలా తెలుస్తుంది? నిజానికి దానికి తెలియదు. తెలిసేది అవతల ఉన్న ఆంత్రమూలానికి. చిన్నపేగులో మొదటి 25 సెంటీమీటర్ల ఈ భాగమే మొత్తం నాళంలో అన్నిటికంటే జాగరూకమైనదని నా అభిప్రాయం.

దాని లోపొరలో అక్కడక్కడా కొన్ని ప్రత్యేక కణాలు ఉంటాయి. వాటి కొన ఒకటి పేగు లోపలి ద్రవాన్ని తాకుతూ ఉంటుంది, అడుగుభాగం రక్తనాళాల వైపు ఉంటుంది. జీర్ణాశయం నుంచి ఒక చిన్న విడత ఆమ్లద్రవం వచ్చి తగలగానే ఒక రకం కణాలు సెక్రిటిన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. అది క్లోమానికి చేరి, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటు నీటిని రప్పిస్తుంది. కొవ్వు, మాంసకృత్తుల తునకలు తగిలితే మరో రకం కణాలు కోలెసిస్టోకైనిన్‌ను విడుదల చేస్తాయి. అది క్లోమం నుంచి ఎంజైములను రప్పిస్తుంది, పిత్తాశయాన్ని బిగింపజేస్తుంది, కాలేయం తయారుచేసే పైత్యం పేగులోకి దిగే చోట ఉన్న చిన్న వలయ కండరాన్ని సడలిస్తుంది, దానితోపాటే జీర్ణాశయం వేగాన్ని తగ్గిస్తుంది. ఆ విడత ద్రవం ఆమ్లత్వం విరిగి, కొవ్వు చితికి, చక్కెరల గాఢత సర్దుకునే వరకు పైలోరస్ రెండో విడతను సులువుగా వదలదు. అంటే మన భోజనం జీర్ణాశయంలో మూడు నాలుగు గంటలు ఉండేది జీర్ణాశయానికి అంత పని ఉన్నందువల్ల కాదు, ఆంత్రమూలం ఒకేసారి అంత సరుకు అందుకోలేదు కనుక.

సెక్రిటిన్ కనుగొన్న కథ నాకు ఎంతో ఇష్టం. పైన చెప్పిన బేలిస్, స్టార్లింగులే 1902లో లండన్‌లో ఆ ప్రయోగం చేశారు. పేగులో ఆమ్లం పడితే క్లోమం రసం ఊరడం అప్పటికే తెలుసు. అది నాడుల ద్వారా జరిగేదని రష్యాలో ఇవాన్ పావ్లోవ్ బృందం భావించింది. బేలిస్, స్టార్లింగు ఒక కుక్క పేగులో కొంత భాగానికి నాడీసంబంధాలన్నీ తెంచివేసి, అందులో ఆమ్లం పోశారు. క్లోమరసం వచ్చింది. అప్పుడు పేగు లోపొరను గీకి తీసి, ఆమ్లంతో నూరి, వడగట్టి, ఆ ద్రవాన్ని సిరలోకి ఎక్కించారు. మళ్లీ క్లోమరసం వచ్చింది. ఒక అవయవం రక్తం ద్వారా రసాయనాన్ని పంపి దూరాన ఉన్న మరో అవయవాన్ని పనిలో పెట్టగలదని తేలింది. హార్మోనుల శాస్త్రానికి అదే తొలి మెట్టు. ఇన్సులిన్ కంటే ముందు ఆ గౌరవం పేగు లోపొరకు దక్కింది.

ఈ ద్వారం నియంత్రణ ఎంత అవసరమో తెలియాలంటే అది లేనివారిని చూడాలి. పుండు వల్లనో క్యాన్సర్ వల్లనో జీర్ణాశయంలో కొంత భాగాన్ని, దానితో పైలోరస్‌ను తొలగించుకున్నవారిలో కొందరికి తీపి తిన్న కొద్దిసేపటికే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కడుపు మెలిపెట్టి, నీళ్ల విరేచనం అవుతుంది. గాఢమైన చక్కెర ద్రవం ఒక్కసారిగా పేగులోకి దూకడంతో రక్తంలోని నీరు దాని వైపు లాగబడటమే ఇందుకు కారణం. వారికి వైద్యులు చెప్పేది కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినమని. పైలోరస్ చేయవలసిన పనిని వారు తమ చేతులతో చేసుకోవాలి.

క్లోమం పంపే ఎంజైముల విషయంలోనూ అధికారం పేగుదే. మాంసకృత్తులను ఛేదించే ట్రిప్సిన్ తయారైన చోటే పనిచేయడం మొదలుపెడితే క్లోమమే జీర్ణమైపోతుంది. అందుకే అది ట్రిప్సినోజెన్ అనే నిద్రాణరూపంలో వస్తుంది. దాన్ని మేల్కొలిపే ఎంటెరోకైనేజ్ అనే ఎంజైము ఆంత్రమూలపు లోపొరకు అతుక్కుని ఉంటుంది. ఒక్కసారి ట్రిప్సిన్ మేల్కొంటే మిగిలిన ఎంజైములను అదే లేపుతుంది. ఈ క్రమం తప్పి క్లోమంలోనే మేలుకోవడం జరిగితే వచ్చే తీవ్రమైన వాపు ప్రాణాంతకం కావచ్చు. పైత్యంలో ఎంజైములు లేవు. అందులోని లవణాలు కొవ్వును సన్నని బిందువులుగా చేసి, ఎంజైములు చేరడానికి వీలు కల్పిస్తాయి. వాటిలో సుమారు 95 శాతం చిన్నపేగు చివర తిరిగి పీల్చబడి కాలేయానికి చేరుతాయి, మళ్లీ పైత్యంగా దిగుతాయి.

ఇంతవరకు జరిగినదంతా సన్నాహమే. ఆహారం నిజంగా మన శరీరంలోకి ప్రవేశించేది చిన్నపేగు గోడలో. ఆ గోడను సూక్ష్మదర్శినిలో చూస్తే ముఖమల్ బట్టపై నూగులా లేచి ఉండే ఆంత్రచూషకాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎత్తు ఉంటుంది. దాని పైన ఒకే వరుస కణాలు, లోపల రక్తకేశనాళికల వల, నడుమ ఒక శోషరస నాళం. ఆ కణాల పైకొనపై మరింత సన్నని వేలాది సూక్ష్మచూషకాలు ఉంటాయి. కణాలు చూషకాల మొదళ్లలోని గుంటల్లో పుట్టి, ఒకదాని వెనుక ఒకటి పైకి జరుగుతూ, మూడు నుంచి ఐదు రోజుల్లో కొనకు చేరి రాలిపోతాయి. ఈ ముడతలన్నిటినీ పరిస్తే టెన్నిస్ మైదానమంత వైశాల్యం వస్తుందని చాలాచోట్ల రాస్తారు. 2014లో స్వీడన్ పరిశోధకులు జాగ్రత్తగా తిరిగి కొలిచి, జీర్ణనాళపు లోపొర మొత్తం సుమారు 32 చదరపు మీటర్లని తేల్చారు. పాత పోలిక అలవాటుగా సాగిపోతూనే ఉంది గానీ దాన్ని ఇక విడిచిపెట్టడం మంచిది.

చక్కెరలు, అమైనో ఆమ్లాలు చూషకంలోని రక్తంలో కలిసి, పోర్టల్ సిర ద్వారా ముందుగా కాలేయానికి వెళతాయి. కాలేయానికి అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ దారినే వస్తుంది. కొవ్వులో అధికభాగం మాత్రం కాలేయాన్ని తప్పించుకుని, శోషరస నాళంలో పడి, ఛాతీ గుండా పైకి పోయి, ఎడమ మెడ మొదట్లో సిరలో కలుస్తుంది.

గ్లూకోజు కణంలోకి ప్రవేశించే తీరు ప్రత్యేకంగా చెప్పదగినది. పేగు కణం ఉపరితలంపై ఒక వాహక మాంసకృత్తు సోడియంనూ గ్లూకోజునూ జంటగా పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. వాటి వెంట నీరు వెళుతుంది. ఈ జంట ప్రవేశాన్ని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించాడు. కలరా విషం పేగు నుంచి నీటిని బయటికి కుమ్మరింపజేస్తుంది గానీ ఈ వాహకాన్ని చెడగొట్టదు. కనుక ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్లలో కలిపిన నీటిని తాగిస్తే పేగు దాన్ని పీల్చుకోగలదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతున్నప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని నోటితో ఇప్పించగా, మరణాలు 30 శాతం దరిదాపుల నుంచి 4 శాతం లోపుకు తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు సూచించే పాళ్లలో లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోళ్లు ఉంటాయి. ఒక వాహక మాంసకృత్తు పనితీరును అర్థం చేసుకోవడం ఇన్ని ప్రాణాలను కాపాడిన సందర్భం వైద్యచరిత్రలో అరుదు.

నీటి లెక్క చూస్తే పేగు ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. మనం తాగేది, తినేది కలిపి రోజుకు రెండు లీటర్ల నీరు. లాలాజలం, జఠరరసం, పైత్యం, క్లోమరసం, పేగురసం కలిపి మరో ఏడు లీటర్లు. ఈ తొమ్మిదింటిలో ఏడున్నర వరకు చిన్నపేగే తిరిగి తీసుకుంటుంది. పెద్దపేగుకు చేరేది ఒకటిన్నర, మలంలో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు.

చిన్నపేగు చివరి భాగమైన ఇలియం తనవంతుగా మరో పగ్గం పట్టుకుని ఉంటుంది. పీల్చుకోకుండా మిగిలిన కొవ్వు అంత దూరం వచ్చిందంటే పైన పని తొందరగా సాగుతోందని అర్థం. వెంటనే అక్కడి కణాలు పెప్టైడ్ వైవై, జీఎల్‌పీ-1 అనే హార్మోనులను విడుదల చేసి, మీటర్ల దూరాన ఉన్న జీర్ణాశయాన్ని నెమ్మదించమంటాయి, మెదడుకు ఆకలి తీరిందని తెలుపుతాయి. మధుమేహానికీ బరువు తగ్గడానికీ ఇప్పుడు విరివిగా వాడుతున్న సెమాగ్లుటైడ్ వంటి మందులు ఈ జీఎల్‌పీ-1ను అనుకరించేవే. వాటిని వాడేవారు కొద్దిగా తినగానే కడుపు నిండిపోయినట్టుందనీ, వికారంగా ఉందనీ చెప్పడానికి ఒక కారణం ఈ సహజమైన పగ్గాన్ని మందు గట్టిగా లాగడమే. బీ12 విటమిన్ పీల్చబడేది కూడా ఇలియం చివరనే, అయితే దానికి తోడుగా ఉండవలసిన మాంసకృత్తు జీర్ణాశయంలో తయారవుతుంది. అందుకే జీర్ణాశయం తొలగించినవారికీ, ఇలియం చివరి భాగం తొలగించినవారికీ ఒకే రకం రక్తహీనత రావచ్చు.

భోజనాల మధ్య విరామంలో పేగు ఊరికే ఉండదు. ఒకటిన్నర రెండు గంటలకొకసారి జీర్ణాశయం నుంచి ఇలియం వరకు ఒక బలమైన అల సాగి, మిగిలిన తునకలనూ రాలిన కణాలనూ సూక్ష్మజీవులనూ ఊడ్చుకుపోతుంది. ఖాళీ కడుపులో వినిపించే గుడగుడలలో చాలావరకు ఈ శుభ్రపరిచే పని శబ్దమే. మళ్లీ తినగానే ఈ అల ఆగిపోతుంది. కాస్త కాస్త ఏదో ఒకటి నములుతూ ఉండేవారి పేగుకు ఈ అవకాశం తగ్గుతుంది.

సుమారు ఒకటిన్నర మీటరు పొడవున్న పెద్దపేగులో తొందర లేదు. చిన్నపేగును కొన్ని గంటలలో దాటిన పదార్థం ఇక్కడ ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఉంటుంది. మన శరీరంలోని సూక్ష్మజీవులలో అత్యధికం ఇక్కడే నివసిస్తాయి. 2016 నాటి లెక్క ప్రకారం వాటి సంఖ్య సుమారు 38 లక్షల కోట్లు, అంటే మన సొంత కణాల సంఖ్యకు దగ్గరగా ఉంటుంది. మన ఎంజైములకు లొంగని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్య ఇంధనం అదే. భోజనం జీర్ణాశయంలో పడగానే పెద్దపేగు కదలిక పెరుగుతుంది. తిన్న వెంటనే మలవిసర్జనకు వెళ్లవలసిరావడం చాలామందిలో సహజమైన ఈ స్పందన వల్లనే గానీ, అప్పుడు తిన్నది అప్పుడే బయటికి వస్తున్నందువల్ల కాదు.

నాళం చివర రెండు వలయ కండరాలు ఒకదానిలో ఒకటి ఉంటాయి. లోపలిది మన అదుపులో లేదు, వెలుపలిది మన అదుపులో ఉంది. పురీషనాళంలోకి ఏదైనా చేరి గోడ సాగినప్పుడు లోపలి కండరం కొన్ని క్షణాలు సడలుతుంది. వచ్చినదానిలో కొంచెం పాయువు పైభాగంలోని చర్మంలాంటి సున్నితమైన పొరను తాకుతుంది, అది వాయువా, ద్రవమా, ఘనమా అన్నది మనకు ఆ స్పర్శతోనే తెలిసిపోతుంది. సమయం కాదనుకుంటే వెలుపలి కండరాన్ని బిగిస్తాము. పురీషనాళం నెమ్మదిగా సర్దుకుని, కోరిక తగ్గుతుంది, అక్కడే నిలిచిన మలం నుంచి నీరు మరికొంత పీల్చబడుతుంది. ఆ పిలుపును పదేపదే వాయిదా వేసేవారిలో మలం గట్టిపడటానికీ, క్రమంగా ఆ పిలుపే మందగించడానికీ కారణం ఇదే. మలబద్ధకంతో వచ్చినవారిని ఏమి తింటున్నారని అడిగినట్టే, కోరిక కలిగినప్పుడు వెంటనే వెళుతున్నారా అని కూడా వైద్యులు అడిగేది ఇందుకే.